గర్భిణికి మలేరియా వస్తే బిడ్డ ఎదుగుదల ఏమవుతుంది? విశాఖ తల్లులు తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు మొదలైన దగ్గర్నుంచి చలికాలం వచ్చేదాకా ఇవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. విశాఖ నగరంలో ఉండేవాళ్ళూ అడుగుతారు, పాడేరు, అరకు, చింతపల్లి వైపు నుంచి కాన్పుకు దిగివచ్చేవాళ్ళూ అడుగుతారు. అందుకే ప్రశ్నలను అడిగినవాళ్ళ మాటల్లోనే ఉంచి, దశలవారీగా ఒకచోట పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్ళొచ్చు. మందుల మోతాదులు మీకు అవగాహన కోసం రాశాం. పరీక్ష లేకుండా సొంతంగా కొని వేసుకోవడానికి కాదు.

## గర్భం మొదటి నెలల్లో

నెల తప్పింది. మా ఊళ్ళో మలేరియా ఉంది. జ్వరం లేకపోయినా పరీక్ష చేయించుకోవాలా?

చేయించుకోవాలి. మలేరియా తరచుగా వచ్చే ఊళ్ళలో పెరిగినవాళ్ళకు ఒంట్లో కొంత నిరోధకత ఉంటుంది. అందువల్ల పరాన్నజీవి రక్తంలో ఉన్నా జ్వరం రాకపోవచ్చు, కాస్త నీరసంగా మాత్రమే అనిపించవచ్చు. ఆ నీరసాన్ని వేవిళ్ళ ఖాతాలో వేసేస్తారు. ఈలోగా తల్లి రక్తం తగ్గుతుంది, బిడ్డ బరువు తగ్గుతుంది. పేరు నమోదుకు వెళ్ళిన రోజే ఏఎన్‌ఎంను (ఊరి ఆరోగ్య కార్యకర్తను) రక్తపూత (గాజుపలక మీద రక్తపు చుక్క పరిచి సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష) తీయమని, లేదా కిట్‌తో పరీక్ష చేయమని అడగండి. ప్రతి నెలా చెకప్‌కు వెళ్ళినప్పుడు, ముఖ్యంగా జూన్ నుంచి నవంబరు వరకు, మళ్ళీ అడగండి. వేలి చివర చిన్న సూదిపోటు, కిట్‌తో అయితే పావుగంటలో ఫలితం.

మేం ఉండేది విశాఖ సిటీలో. మలేరియా ఏజెన్సీ జబ్బు కదా?

రెండుచోట్లా ఉంది, దోమే వేరు. మన్యంలో కొండవాగుల పారే నీటిలో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ ముఖ్యమైనది. నగరాల్లో అనాఫిలిస్ స్టీఫెన్సీ ఉంటుంది. దీనికి మురుగు అక్కర్లేదు. మూత లేని ఓవర్‌హెడ్ ట్యాంకు, సంపు, బావి, కట్టడం జరుగుతున్న ఇంట్లో తడపడానికి నిల్వ చేసిన నీళ్ళు, ఇలాంటి మంచినీళ్ళే దానికి ఇల్లు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్ళు పూర్తిగా పారబోసి, తొట్టిని రుద్ది కడిగి ఆరబెడితే ఆ వరుస తెగుతుంది.

జ్వరం వచ్చేది నాకు కదా, కడుపులో బిడ్డకు చేటు ఎలా జరుగుతుంది?

చాలావరకు మాయ ద్వారా. ఫాల్సిపారం రకం పరాన్నజీవి ఎర్రరక్తకణంలో చేరాక, ఆ కణం పైపొర మీదికి ఒక ప్రొటీన్‌ను పంపుతుంది. దాని పేరు వార్2సీఎస్‌ఏ. అది మాయలో ఉండే కాండ్రాయిటిన్ సల్ఫేట్-ఏ అనే పదార్థానికి అతుక్కుంటుంది. అలా జబ్బు కణాలు తల్లి రక్తం నిండే మాయ అరల్లో పేరుకుపోతాయి. వాటిని తరమడానికి తెల్లకణాలు వచ్చి చేరతాయి, వాపు మొదలవుతుంది, మాయ పొర మందమవుతుంది. బిడ్డకు చేరవలసిన ప్రాణవాయువు, గ్లూకోజు, అమైనో ఆమ్లాలు తగ్గుతాయి. పొలం కాలువలో పూడిక పడితే చివరి మడికి నీరందదు చూడండి, అలాగే. దీనికితోడు తల్లికి రక్తహీనత వస్తుంది. తీవ్రమైన జ్వరం, వాపు కలిసి నెలలు నిండకముందే నొప్పులు తెప్పించవచ్చు.

ఫలితం నాలుగు రకాలుగా కనబడుతుంది: గర్భస్రావం, బిడ్డ కడుపులోనే చనిపోవడం, నెలలు నిండకుండా కాన్పు, నెలలు నిండినా బరువు తక్కువగా పుట్టడం. 2,500 గ్రాములకు తగ్గితే తక్కువ బరువు అంటారు. మలేరియా వచ్చిన ప్రతి తల్లికీ ఇలా జరగదు. జబ్బు ఎంత త్వరగా పట్టుబడి, ఎంత పూర్తిగా నయమైందన్నదాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

తొలి కాన్పుకే ప్రమాదమా? నాకు ఇది మూడోది.

మాయకు అతుక్కునే రకాన్ని ఎదుర్కొనే నిరోధకత ముందు కాన్పుల్లో మలేరియా సోకినవాళ్ళకు కొంత వస్తుంది. అందుకే ఏడాది పొడుగునా మలేరియా ఉండే ప్రాంతాల్లో తొలిచూలు వారికి ముప్పు ఎక్కువ. మన దగ్గర జబ్బు కొన్ని నెలలు, కొన్ని ఊళ్ళకే ఎక్కువగా వస్తుంది కాబట్టి ఆ రక్షణను నమ్ముకోలేం. ఎన్నో కాన్పు అయినా జాగ్రత్త ఒకటే.

మూడో నెల లోపు మలేరియా మందులు వాడితే బిడ్డకు అవకరం వస్తుందా?

ఈ భయంతో మందు ఆపడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. వైద్యం లేని మలేరియా మొదటి మూడు నెలల్లో గర్భస్రావానికి దారితీస్తుంది. వైవాక్స్ అనే రెండో రకం మలేరియాకు వాడే క్లోరోక్విన్ ఏ నెలలోనైనా వాడదగినదే. ఫాల్సిపారానికి మొదటి మూడు నెలల్లో క్వినైన్ 7 రోజులు ఇవ్వడం మన దేశంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అందుబాటులో ఉన్న ఆధారాలు చూసి, మొదటి మూడు నెలల్లో కూడా ఆర్టిమీథర్-ల్యూమిఫాంట్రిన్ వాడవచ్చని సిఫారసు చేసింది. ఏది ఇవ్వాలో డాక్టరు నిర్ణయిస్తారు. గర్భిణి అని, ఎన్నో నెల అని ముందే చెప్పడం మీ పని. డాక్సీసైక్లిన్, ప్రైమాక్విన్ మాత్రం గర్భిణులు వాడకూడదు.

ఐదో నెల. పుట్టింటికి పాడేరు వైపు వెళ్ళాలి. వెళ్ళొచ్చా?

వాన రోజుల్లో వాయిదా వేసుకోగలిగితే మంచిది. తప్పకపోతే దోమతెర వెంట తీసుకెళ్ళండి. అనాఫిలిస్ సాయంత్రం చీకటి పడ్డప్పటి నుంచి తెల్లారేదాకా కుడుతుంది. ఆ వేళ కాళ్ళూ చేతులూ కప్పే బట్టలు వేసుకోండి. తిరిగివచ్చాక జ్వరం వస్తే ఫలానా తేదీల్లో ఏజెన్సీలో ఉన్నానని డాక్టరుకు చెప్పండి. కుట్టిన తర్వాత జ్వరం రావడానికి సాధారణంగా వారం నుంచి రెండు వారాల పైన పడుతుంది, వైవాక్స్ అయితే నెలల తర్వాత కూడా బయటపడవచ్చు. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల సిటీలో టైఫాయిడ్, వైరల్ జ్వరం అంటూ రోజులు గడిచిపోతాయి.

## జ్వరం వచ్చినప్పుడు

నర్సు "పీవీ" అన్నారు. మా చెల్లికి "పీఎఫ్" అన్నారు. ఏది బిడ్డకు ప్రమాదం?

పీఎఫ్ అంటే ఫాల్సిపారం, పీవీ అంటే వైవాక్స్. పీఎఫ్ మాయలో గూడు కడుతుంది, తల్లికి మెదడు, మూత్రపిండాలు, ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. గర్భిణికి అది గంటల్లో విషమించవచ్చు. పీవీ మాయలో అంతగా పేరుకోదు. అయినా తల్లిని రక్తహీనతలోకి దింపి బిడ్డ బరువు తగ్గిస్తుంది, కాలేయంలో నిద్రావస్థలో దాక్కుని మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుంది. "పీవీయేగా" అని తేలిగ్గా తీసుకోవద్దు.

వైవాక్స్ అందరికీ 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తారట. నాకు ఇవ్వలేదేం?

కాలేయంలో దాక్కున్న పరాన్నజీవిని చంపే మందు అది. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉన్నవారిలో అది ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది. కడుపులో బిడ్డకు ఆ లోపం ఉందో లేదో తెలియదు, అందుకే గర్భిణులకు ఇవ్వరు. మీకు క్లోరోక్విన్ ఇస్తారు. పెద్దవాళ్ళ మోతాదు మూడు రోజులు: 150 మి.గ్రా. బేస్ ఉన్న బిళ్ళలు మొదటి రోజు 4, రెండో రోజు 4, మూడో రోజు 2. పరగడుపున వేసుకుంటే వాంతి అవుతుంది, ఏదైనా తిని వేసుకోండి. కొందరికి జబ్బు తిరగబెట్టకుండా కాన్పు దాకా వారానికోసారి క్లోరోక్విన్ రాస్తారు. బిడ్డ పుట్టాక, జీ6పీడీ పరీక్ష చేసి, పాలిచ్చే సంగతి చూసుకుని ప్రైమాక్విన్ ఎప్పుడివ్వాలో డాక్టరు చెబుతారు. చాలామంది ఆ చివరి అంచెను మరచిపోతారు, రెండేళ్ళ లోపు మళ్ళీ అదే జ్వరంతో వస్తారు. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) మీద "వైవాక్స్, ప్రైమాక్విన్ ఇవ్వాలి" అని రాయించుకోండి.

రక్తపూతలో ఏమీ లేదన్నారు. చలిజ్వరం మాత్రం తగ్గలేదు.

గర్భిణి విషయంలో ఒక్క నెగెటివ్‌తో ఊరుకోకూడదు. జబ్బు కణాలు మాయలో అతుక్కుపోయి ఉంటే వేలి రక్తంలో అవి చాలా తక్కువగా ఉంటాయి, సూక్ష్మదర్శినికి అందవు. జ్వరం ఉన్నంతకాలం 12 నుంచి 24 గంటల తేడాతో రెండు మూడుసార్లు పరీక్ష చేయించండి. రక్తపూతతోపాటు కిట్ పరీక్ష కూడా చేయమనండి. దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది: పీఎఫ్ నయమైన తర్వాత కూడా కొన్ని వారాలు కిట్‌లో గీత కనబడవచ్చు. అది చచ్చిన పరాన్నజీవి వదిలిన ప్రొటీన్. తగ్గిందా లేదా తేల్చడానికి రక్తపూతే సరైనది.

రెండో రోజుకే జ్వరం పోయింది. మిగతా బిళ్ళలు ఆపేయనా?

ఆపొద్దు. జ్వరం పోవడం అంటే పరాన్నజీవుల సంఖ్య తగ్గిందని మాత్రమే అర్థం. మిగిలినవి మాయలో మళ్ళీ పెరుగుతాయి, ఈసారి జ్వరం కూడా తెలియకపోవచ్చు. నాలుగో నెల నుంచి ఫాల్సిపారానికి ఏసీటీ (ఆర్టిమిసినిన్ రకం మందుకు మరో మందు జతచేసిన చికిత్స) ఇస్తారు. ఆర్టిమీథర్-ల్యూమిఫాంట్రిన్ రాస్తే మూడు రోజుల్లో ఆరు మోతాదులు. మొదటిది వేసుకున్న 8 గంటలకు రెండోది, తర్వాత రెండు రోజులు ఉదయం, రాత్రి. ఇది కొవ్వు ఉంటేనే ఒంటికి పడుతుంది, కాబట్టి గ్లాసు పాలతోనో, నెయ్యి వేసిన అన్నం తర్వాతో వేసుకోండి. ఆర్టిసునేట్-ఎస్‌పీ (సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్) అయితే మూడు రోజులు ఆర్టిసునేట్, తొలిరోజు మాత్రమే ఎస్‌పీ. మింగిన అరగంటలోపు వాంతయితే ఆ మోతాదు మొత్తం మళ్ళీ వేసుకోవాలి, అదనపు బిళ్ళలు అడిగి తెచ్చుకోండి. క్వినైన్ ఇచ్చినప్పుడు గర్భిణికి రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వస్తే వెంటనే పంచదార నీళ్ళు తాగి ఆస్పత్రికి చెప్పండి. కోర్సు అయ్యాక 7, 14, 28 రోజులకు మళ్ళీ రక్తపూత తీయించుకుంటే నిశ్చింత.

ఏ లక్షణాలు కనిపిస్తే ఇంట్లో ఉండకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి?

మగత, తికమక మాటలు, ఫిట్స్, ఆయాసం, కళ్ళు పచ్చబడటం, నల్లటి లేదా కోలా రంగు మూత్రం, మూత్రం తగ్గిపోవడం, ఏదీ కడుపులో నిలవకపోవడం, రక్తస్రావం, నొప్పులు, బిడ్డ కదలిక తగ్గడం. వీటిలో ఒక్కటి చాలు, 108కి ఫోన్ చేయండి. కొండమీది ఊరైతే డోలీ కట్టి రోడ్డుకు దించడానికే గంటలు పోతాయి, అందుకని తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. బయలుదేరే ముందే మొదటి మోతాదు ఇవ్వగలరేమో ఏఎన్‌ఎంను అడగండి. తీవ్ర మలేరియాకు ఆర్టిసునేట్ ఇంజెక్షన్ ఏ నెల గర్భిణికైనా ఇస్తారు. పెద్దవాళ్ళకు కిలో బరువుకు 2.4 మి.గ్రా. చొప్పున, మొదట ఒకటి, 12 గంటలకు ఒకటి, 24 గంటలకు ఒకటి, తర్వాత రోజుకొకటి. జ్వరం దింపడానికి పారాసిటమాల్ వాడండి. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి బిళ్ళలు సొంతంగా వేసుకోవద్దు.

ఐరన్ బిళ్ళలు మలేరియాను పెంచుతాయని విన్నాను. మానేయాలా?

గర్భిణి మానకూడదు. రోజూ 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న బిళ్ళ నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు వేసుకోవాలి. మలేరియా తిన్న రక్తాన్ని తిరిగి పట్టాల్సింది దానితోనే. ఒక్క జాగ్రత్త: 5 మి.గ్రా. ఫోలిక్ యాసిడ్ బిళ్ళ ఎస్‌పీ మందు పనిని దెబ్బతీస్తుంది. సికిల్ సెల్ (కొడవలి కణాల రక్తహీనత) ఉన్నవారికి ఆ పెద్ద బిళ్ళ రాస్తుంటారు. మీరు వాడుతుంటే మలేరియా మందు రాసే డాక్టరుకు చెప్పండి. హిమోగ్లోబిన్ 11కు తగ్గితే రక్తహీనత, 7కు తగ్గితే ఆస్పత్రిలో చేర్చాల్సిన పరిస్థితి.

## కాన్పు అయ్యే వరకు

మలేరియా తగ్గింది. బిడ్డ సరిగ్గా ఎదుగుతోందని ఎలా తెలుసుకోవాలి?

మూడు మార్గాలున్నాయి. మొదటిది టేపు. 20 నుంచి 34 వారాల మధ్య పొట్ట ఎత్తు సెంటీమీటర్లలో దాదాపు వారాల సంఖ్యతో సరిపోతుంది. 30వ వారంలో 26 మాత్రమే ఉందంటే స్కాన్ కావాలి. ఇది ఏ ఉపకేంద్రంలోనైనా చేయగలిగే కొలత, కార్డులో రాయమని అడగండి. రెండోది గ్రోత్ స్కాన్. ఒక్క స్కాన్ కంటే రెండు మూడు వారాల తేడాతో చేసిన రెండు స్కాన్లు ఎక్కువ చెబుతాయి. బిడ్డ చిన్నగా ఉంటే డాప్లర్‌తో బొడ్డుతాడులో రక్తప్రవాహం చూస్తారు. తల చుట్టుకొలత సరిగా ఉండి పొట్ట కొలత వెనకబడితే బిడ్డకు మాయ నుంచి తిండి సరిగా అందడం లేదన్న అనుమానం. మూడోది మీ లెక్క: 28 వారాల తర్వాత బిడ్డ రోజూ కదిలే తీరు మీకు తెలిసిపోతుంది. అది తగ్గితే అదే రోజు వెళ్ళండి.

ఎక్కువ తింటే బరువు తిరిగి వస్తుందా?

కొంత. మాయ దెబ్బతిన్న మేరకు తిండి ఒక్కటే సరిచేయలేదు, కానీ తిండి తగ్గితే నష్టం రెట్టింపవుతుంది. రోజూ ఒక పూట అదనంగా తినండి. పప్పు, గుడ్డు, చేపలు, చోడి అంబలి, ఆకుకూరలు తీసుకోండి. ఐరన్ బిళ్ళను టీతో కాకుండా నిమ్మరసంతో వేసుకోండి. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని కడుపు మాడ్చే అలవాటు ఇంకా ఉంది. మలేరియా వచ్చిన తల్లి విషయంలో అది చాలా పెద్ద తప్పు.

ఇంటి గోడలకు మందు కొట్టారు. పండగకు ఎర్రమన్నుతో అలకొచ్చా?

రెండున్నర నెలలు ఆగండి. దోమ కుట్టాక గోడ మీద వాలి విశ్రాంతి తీసుకుంటుంది, అప్పుడు మందు తగిలి చస్తుంది. పైన మన్ను అలికితే, సున్నం వేస్తే మందు కప్పబడిపోతుంది. మందు కొట్టడానికి వచ్చినప్పుడు పడకగదిని, దేవుడి గదిని వదిలేయమని చెప్పడమూ ఇంతే నష్టం. తిండి సామాన్లు బయట పెట్టి అన్ని గదులకూ కొట్టించండి. దోమతెరను ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టండి, అంచులు పరుపు కిందికి దోపండి, చిరుగులు కుట్టండి.

కాన్పు ఎక్కడ చేయించుకోవాలి?

బిడ్డ చిన్నగా ఉందన్నా, నెలలు నిండకముందే నొప్పులు వచ్చే సూచన ఉన్నా, ఎస్‌ఎన్‌సీయూ (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స విభాగం) ఉన్న ఆస్పత్రిలో. కేజీహెచ్, ఘోషాసుపత్రి విశాఖలో ఉన్నాయి. పాడేరు నుంచి సుమారు 110 కిలోమీటర్లు, అందులో ఘాట్ దారి కూడా ఉంది కాబట్టి తేదీకి ముందే దగ్గరకు వచ్చి ఉండటం మేలు. కాన్పు గదిలో మలేరియా వచ్చిన సంగతి, ఎన్నో నెలలో, ఏ మందు వాడారో చెప్పండి. బొడ్డుతాడును నిమిషం నుంచి మూడు నిమిషాలు ఆగి కత్తిరిస్తే బిడ్డకు కొన్ని నెలలకు సరిపడా ఐరన్ అదనంగా అందుతుంది.

## బిడ్డ పుట్టాక

పుట్టిన బిడ్డకే మలేరియా ఉంటుందా?

ఉండవచ్చు, అరుదు. తల్లి రక్తం నుంచి మాయ దాటి గానీ, కాన్పు వేళ గానీ చేరుతుంది. కష్టమేమిటంటే పుట్టినప్పుడు బిడ్డ బాగానే కనబడుతుంది. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీల వల్ల లక్షణాలు రెండు నుంచి నాలుగు వారాలకు బయటపడవచ్చు: జ్వరం, పాలు తాగకపోవడం, పాలిపోవడం, కామెర్లు, కడుపులో బల్ల (ప్లీహం) పెరగడం. చూడటానికి అచ్చం నవజాత శిశువుల సెప్సిస్‌లా (ఒళ్ళంతా పాకిన ఇన్‌ఫెక్షన్‌లా) ఉంటుంది. కాన్పు నాటికి తల్లికి మలేరియా ఉంటే బిడ్డకు కూడా రక్తపూత తీయాలని మీరే గుర్తుచేయండి. ఈ బిడ్డకు వైవాక్స్ అయినా ప్రైమాక్విన్ అవసరం లేదు, ఎందుకంటే దోమ కుట్టలేదు, కాలేయంలో ఏదీ దాక్కోలేదు. ఎస్‌పీ ఉన్న మందు ఐదు నెలల లోపు పిల్లలకు ఇవ్వరు. కామెర్లకు పసర్లు పోయడం, బల్లకు వాతలు పెట్టించడం బిడ్డ ప్రాణం మీదికి తెస్తాయి.

నాకు ఇంకా జ్వరం ఉంది. పాలు పట్టొచ్చా?

పట్టాలి. మలేరియా పాల ద్వారా రాదు. క్లోరోక్విన్, ఏసీటీ వాడుతూ పాలివ్వవచ్చు. ముర్రుపాలు పారబోయొద్దు.

బిడ్డ 2,100 గ్రాములే. ఇంటికి పంపించారు. ఏం చేయాలి?

వెచ్చదనం, పాలు, శుభ్రత. బిడ్డను డైపరు, టోపీ, మేజోళ్ళతో మాత్రమే ఉంచి తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, చర్మానికి చర్మం తగిలేలా కట్టుకోండి. దీన్నే కంగారూ సంరక్షణ అంటారు. రోజుకు ఎన్ని ఎక్కువ గంటలైతే అంత మంచిది, తండ్రి, అమ్మమ్మ కూడా వంతులు తీసుకోవచ్చు. పాలు రెండు గంటలకోసారి, రాత్రి కూడా ఇవ్వండి. చిన్న బిడ్డ ఆకలేస్తే ఏడవదు, నిద్రపోతుంది, లేపి పట్టాలి. చప్పరించలేకపోతే పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టండి. స్నానం బొడ్డు ఊడేదాకా ఆపండి. సాంబ్రాణి పొగ, కుంపటి పొగ ఈ బిడ్డ ఊపిరితిత్తులకు పడవు. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి, వచ్చినప్పుడు తూకం వేయించండి. 1,800 గ్రాములకు లోపు ఉన్న బిడ్డను ఇంట్లో పెంచే ప్రయత్నం చేయవద్దు.

## మొదటి ఏడాది

బరువు ఎంత పెరిగితే సరైనట్టు?

మొదటి వారం కాస్త తగ్గి, రెండు వారాలకు పుట్టిన బరువుకు చేరాలి. తర్వాత మూడు నెలలు రోజుకు 20 నుంచి 30 గ్రాములు. అంకె కంటే అంగన్‌వాడీ చార్టులో గీత దిశ ముఖ్యం. బిడ్డ కింది గీత మీద ఉన్నా దానికి సమాంతరంగా పైకి పోతుంటే ఎదుగుతున్నట్టే. గీత అడ్డంగా పడుకుంటే నెలరోజులు ఆగవద్దు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను అసలు పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కవేసి చూడాలి.

పాలిపోయినట్టు ఉంది, ఏం ఇవ్వాలి?

తల్లికి మలేరియా, బిడ్డకు తక్కువ బరువు కలిస్తే ఐరన్ నిల్వలు తక్కువగా ఉంటాయి. తక్కువ బరువు పిల్లలకు ఆరు నెలలకు ముందే ఐరన్ చుక్కలు మొదలుపెడతారు, మోతాదు బరువును బట్టి డాక్టరు రాస్తారు. ఆరు నెలలు దాటాక అంగన్‌వాడీలో ఇచ్చే సిరప్ వారానికి రెండుసార్లు 1 మి.లీ. ముందుగా మలేరియా లేదని పరీక్షతో తేల్చుకోండి.

మా బిడ్డ పొట్టిగా, చదువులో మందంగా అవుతుందా?

అలా ముందే రాసిపెట్టి లేదు. గర్భంలో మలేరియా తగిలిన పిల్లల్లో మొదటి ఏడాది బరువు, పొడవు కొంత వెనకబడటం, మలేరియా, రక్తహీనత ఎక్కువగా రావడం పరిశోధనల్లో కనిపించింది. అందులో పుట్టిన బరువు పాత్ర ఎంత, అదే ఇంట్లో, అదే దోమల మధ్య పెరగడం పాత్ర ఎంత అని విడదీయడం కష్టం. మీ చేతిలో ఉన్నవి గట్టివి: ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వడం, ఆ తర్వాత గరిటె జారుడుగా కాకుండా చిక్కగా నూనె, పప్పు, గుడ్డు కలిపిన తిండి పెట్టడం, దోమతెరలో పడుకోబెట్టడం. మూడు నెలలకు మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోయినా చూపించండి.

నాలుగు నెలల బిడ్డకు ఒళ్ళు వెచ్చగా ఉంది. తల్లి నిరోధకత కాపాడదా?

తల్లి యాంటీబాడీలు, పుట్టుకతో ఉన్న ప్రత్యేక హిమోగ్లోబిన్ కొన్ని నెలలు కొంత అడ్డుపడతాయి. మాయ దెబ్బతిన్నప్పుడు తల్లి యాంటీబాడీలు బిడ్డకు తక్కువగా చేరతాయి. చంకలో 37.5 డిగ్రీల సెల్సియస్ దాటితే అదే రోజు రక్తపూత తీయించండి. మూడు నెలల లోపు బిడ్డకైతే ఏ జ్వరమైనా ఆస్పత్రికే.

మలేరియాకు టీకా ఉందటగా?

ఆర్‌టీఎస్,ఎస్‌ను 2021లో, ఆర్21ను 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. రెండోది తయారయ్యేది మన పుణేలోనే. ఐదు నెలలు నిండిన పిల్లల కోసం, ఫాల్సిపారం మీద పనిచేసేవి ఇవి. మన దేశ టీకాల పట్టికలో లేవు, గర్భిణులకు ఇచ్చేవీ కావు.

మళ్ళీ గర్భం ఎప్పుడు?

కనీసం రెండేళ్ళు ఆగండి. అంతకుముందు హిమోగ్లోబిన్ 12 దాటిందో లేదో చూడండి. గతసారి వైవాక్స్ అయితే, ప్రైమాక్విన్ 14 రోజులు పూర్తయిందో లేదో కార్డు తీసి చూసుకోండి.